మాస్టారా, మేష్టారా? – రాష్ట్రేతరాంధ్రుల నోట ఒక ఆంగ్లపదము

తెలుగువారు నిత్యము వాడు ఆంగ్లపదములలో ‘మాస్టర్’ అనునది యొకటి. దీని నెట్లు పలుకవలెనను విషయమున రాష్ట్రేతరాంధ్రుల పెండ్లిపందిళ్లలో సరసమైన వాగ్వాదములు చెలరేగుట కద్దు. గుంటూరు సీమనుండి వచ్చిన అమ్మమ్మ ‘మాష్టారు’ అనును. విశాఖ ప్రాంతపు పెదనాన్న ‘మేష్టారు’ అనును. బెంగుళూరిలో చదువు మనుమడు కన్నడిగులవలె ‘మేష్ట్రు’ అనును. షోలాపురపు చుట్టము మరాఠీ ఫణితిని ‘మాస్తర్’ అనును. బరంపురమువారు ఒడియావారి ‘మాష్ట్రే’ను వినిపింతురు. చెన్నపట్టణపు పిల్ల నవ్వి, “మా వీధిలో మాస్టరనగా టీ కాచువాడు, బడిపంతులు వాద్యారు” అనును. వీరిలో ఎవరి పలుకుబడి ఒప్పు?

విచారించి చూచిన ప్రతి పలుకుబడికిని ఒక కారణము కలదు. టకారమునకు ముందున్న సకారము షకార మగుట ష్టుత్వము. అమ్మమ్మ వ్యాకరణము చదువకపోయినను ఆమె నాలుక ఆ మార్గమునే పట్టినది. ఇంగ్లీషువారి టకారము మన తకారమును కాదు, టకారమును కాదు. నాలుక పండ్లకు పైనున్న చిగురును తాకుటచే పుట్టును. దానిని మనము టకారముగా వింటిమి, మరాఠీవారు తకారముగా వినిరి. మనము మాత్రము అన్నిచోట్ల టకారమే వింటిమా? ‘హాస్పిటల్’ మన నోట ‘ఆసుపత్రి’ యైనది గదా! ఇక మొదటి అచ్చు. దక్షిణ ఇంగ్లండువారు ఈ మాటలో దీర్ఘమైన ఆకారమును, అమెరికావారు మన ‘మేక’లో వినవచ్చు ధ్వనివంటి దానిని పలుకుదురు. అది మాతృభాషగా గలవారికే ఏకాభిప్రాయము లేనప్పుడు మన పెదనాన్న నేల తప్పుపట్టవలెను?

ఈ మాట వంశవృక్షము ఇంకను వింతయైనది. దీనికి మూలము లాటినులోని ‘మజిస్తెర్’. ఆ మూలమునుండియే పోర్చుగీసువారి ‘మెస్త్రె’ పుట్టి, మనకు ‘మేస్త్రి’ యైనది. 1954 వరకు యానామును పాలించిన ఫ్రెంచివారి భాషలో బడిపంతులును ‘మెత్ర్’ అందురు. అదియు ఆ కుదురులోనిదే. కాగా గోడ కట్టించు మేస్త్రియు, చదువు చెప్పు మాస్టారును ఒకే యింటి బిడ్డలు. ఇట్టి యన్యదేశ్యములు తెలుగున వేళ్లూనుట నేటి మాట కాదు. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1854లోనే వీనికై ప్రత్యేకముగా ఒక మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను.

పలుకును సరిదిద్దుటకు ముందు చెవియొగ్గి వినవలెనను పాఠమును మనకు నేర్పినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరి, సవరలతో మెలగి, వారి భాషను విని నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో కోశమును వెలువరించిరి. ఆ పర్లాకిమిడి 1936లో ఒడిస్సాలో చేరినది. రాష్ట్రేతరాంధ్రులకు ఆయన పరాయివారు కారు.

ఈ వినోదములో ఒక హెచ్చరిక కూడ నున్నది. పందిట నవ్వుకొనుట వేరు, తరగతిలో నవ్వులపా లగుట వేరు. ‘బస్సు, రోడ్డు, టిక్కెట్టు’ అను పిల్లవానిని తోడివారు పరిహసించిన, వాడు ‘బస్, రోడ్, టికెట్’ అనుటతో ఆగడు. క్రమముగా తెలుగులో మాటాడుటయే మానును. ఆ తుది ఉకారము మొరటుతనము కాదు. అది యుండుటచేతనే ‘బస్సులో, బస్సుకు, బస్సులు’ అని మన విభక్తులును బహువచనమును ఆ మాటకు చక్కగా అతుకుచున్నవి. పరభాషాపదము మన యింటి కోడ లగుటకు అది పుస్తె వంటిది.

కావున ఉపాధ్యాయులకును తలిదండ్రులకును నా మనవి యొక్కటే. ఇంగ్లీషు వాక్యములో ఇంగ్లీషు ఉచ్చారణను శ్రద్ధగా నేర్పుడు. తెలుగు వాక్యములో ఆ మాటను తెలుగుమాటగా బ్రదుకనిండు. మాస్టారన్నను, మేష్టారన్నను, మేష్ట్రన్నను పిలుపులోని గౌరవ మొక్కటే. ఏ విధముగా పిలిచినను, తరువాతి వాక్యము తెలుగులో సాగినచో ఈ వాదమున అందరును గెలిచినట్లే.