కష్టజీవి గోచి



నేటి నా ప్రసంగమునకు విషయము గోచి. నవ్వు వచ్చినవారు నవ్వవచ్చును. రాజుల కిరీటములను గూర్చి చరిత్రకారులు కావలసినంత వ్రాసిరి. ఎండలో దుక్కి దున్నినవాని మొలకు చుట్టుకొన్న గుడ్డను గూర్చి వ్రాసినవారు అరుదు. కాని ఆ గుడ్డ సరిగా లేనినాడు వాని తొడలు ఒరసికొని పుండ్లు పడును. మరునాడు పనికి పోలేక కూలి పోగొట్టుకొనును.

మన భాషలో దీనికి గల పేళ్లను చూడుడు. తెలుగున గోచి. పంచెను వెనుకకు దోపి బిగించిన కాసె. తొడల నంటి యుండు కురుచలాగు చల్లడము. హిందూస్థానీనుండి వచ్చినది లంగోటి. సంస్కృతమున కౌపీనము. ఈ కౌపీనశబ్దము కూపశబ్దమునుండి పుట్టినదని వైయాకరణులు చెప్పుదురు. నూతిలో పడవేయదగిన కానిపని మొదటి యర్థము. దానినుండి గుహ్యాంగము, ఆ పిమ్మట దానిని కప్పు గుడ్డ. సిగ్గు మాటలోనే యిమిడి యున్నది. ఆ సిగ్గే ఈ వస్తువును గూర్చి నలుగురిలో మాటలాడనీయక చేసినది.

మన పల్లెలలో పసితనముననే బిడ్డకు మొలత్రాడు కట్టుదురు. ఆ త్రాటికి జానెడు వెడల్పు గల నూలుగుడ్డను ముందు దోపి, కాళ్లసందునుండి తీసి, వెనుక దోపినచో గోచి యైనది. కుట్టు లేదు, గుండీ లేదు. చెమట నిలుచు గజ్జలయొద్ద బరువు లేదు. అన్నిటికన్న గొప్ప గుణ మింకొకటి కలదు: బిగువు ఎంత యుండవలెనో కట్టుకొన్నవాడే నిర్ణయించును. తాడిచెట్టెక్కువాడు బిగించును, కుస్తీకి దిగువాడు మరింత బిగించును, నాగలి పట్టువాడు కొంచెము వదలు చేసికొనును. మధ్యాహ్నము కాలువలో పిండి గట్టుమీద వేసినచో అంబలి త్రాగి లేచునప్పటికి ఆరును.

పూర్వులు దీనిని ఎంత శ్రద్ధగా విచారించిరో తెలుపు కథ యొకటి బౌద్ధుల వినయపిటకమున కలదు. ఆనందుని ఉపాధ్యాయుడగు బేలట్ఠసీసుడను భిక్షువునకు ఒడలెల్ల గజ్జి లేచి రసి కారుచుండెను. చీవరము మేనికి అంటుకొనిపోయెను. తోటి భిక్షువులు నీటితో తడిపి తడిపి దానిని ఊడదీయుచుండగా బుద్ధుడు చూచి, కారణ మడిగి తెలిసికొని, ఇట్టి రోగము గలవారు లోపల వేరొక గుడ్డ కట్టుకొనవచ్చునని యనుమతించెను. దానికి కండుప్రతిచ్ఛాది, అనగా దురదను కప్పునది, అని పేరు. కొలతయు నేర్పరచిరి: సుగతుని జానతో నిడివి నాలుగు జానలు, వెడల్పు రెండు జానలు. మించినదానిని కత్తిరించివేయవలెను. నిర్వాణమార్గము నుపదేశించు గ్రంథమున గజ్జిపట్టిన వాని బాధకును చోటు దొరకినది!

వేడి దేశములన్నిట ఇట్టి తెలివియే కనబడును. ఈజిప్టులో 1922లో బయలుపడిన తూతన్‌ఖామెను రాజు సమాధియందు బంగారముతోపాటు సన్నని అవిసెనార గోచులు నూటికి మించి దొరకినవి. జపానువారి ఫుందోషి మన గోచికి తోడబుట్టినదే. చలిదేశముల మాట వేరు. అక్కడివారు చీలమండల దాక దిగు ఉన్నిలాగులు తొడిగిరి. వారి శీతలమునకు అది తగినదే. అయితే ఆంగ్లేయులు ఆ యుక్తిని మన ఎండలలోనికి గూడ మోసికొని వచ్చిరి. పొట్టకు చలి తగిలిన కలరా వచ్చునని యెంచి సైనికుల నడుములకు ఫ్లానెలు పట్టీలు కట్టించిరి. దానికి కలరా పట్టీ యనియే పేరు. 1884లో రాబర్టు కాఖ్ కలకత్తా చెరువునీట కలరా క్రిమిని కనుగొన్న పిమ్మటను ఆ పట్టీ వెంటనే పోలేదు.

మనవారి నమ్మికలును తక్కువవి కావు. గోచి బిగింపనివానికి వరిబీజము దిగునని పెద్దలు బెదరించుట మీరు విని యుందురు. మన కోస్తాజిల్లాలలో వరిబీజమునకు తరచు కారణము బోదకాలు పుట్టించు క్రిమి. దానిని మోయునది దోమ. ఆ క్రిమి దోమ కడుపులో పెరుగునని 1877లో చైనాలోని అమోయి రేవున పాట్రిక్ మాన్సను కనుగొనెను. గోచి దోమ నాపజాలదు. వాపు కనబడినవాడు గోచి బిగించుకొని ఊరకుండక వైద్యునికి చూపవలెను.

గోచికి గౌరవము తగ్గుటకు దాని దోషములు కారణము గావు. పోలీసువాని నిక్కరు, గుమాస్తా పంట్లాము అధికారమునకు గురుతు లయ్యెను. గోచి లేమికి గురుతయ్యెను. వేరు గుడ్డ లేక గోచితో బ్రదికినవారు కోకొల్లలుగా నుండిరనుట సత్యము. 1921 సెప్టెంబరులో మధురలో గాంధీమహాత్ముడు కొల్లాయి గట్టినది అట్టివారిని తలచియే. కాని లేమిచే కట్టుట వేరు, పనికి అనువని కట్టుట వేరు. ఈ రెండిటిని ఒకటిగా జూచి మనము మంచివస్తువును పారవైచితిమి.

దాని చోటికి వచ్చిన బిగువు చడ్డీ 1935 జనవరి 19వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున మొదట అమ్మకమునకు వచ్చెను. ఆనాడక్కడ మంచుతుపాను! పిమ్మట 1941లో ఇంగ్లండున పాలియెస్టరు పుట్టెను. మామూలు గాలిలో నూరు తులముల నూలుగుడ్డ సుమారు ఎనిమిది తులముల చెమ్మను ఇముడ్చుకొనును. పాలియెస్టరు అర తులమైన ఇముడ్చుకొనదు. నూలుకును దోషము లేకపోలేదు. దళసరి నూలు తడిసిన త్వరగా ఆరదు; తడిగుడ్డ ఒరసిన చర్మము లేచును. అందుచే పలుచని నేతయే కావలెను.

మీ కుమారులు, మనుమలు ఇటుకబట్టీలకు, రైసుమిల్లులకు, గల్ఫుదేశములకు పోవుచున్నారు. గోచి కట్టుమన్న వారు వినరు. బలవంతపెట్టవలసిన పనియు లేదు. గోచియందలి గుణములను వారి చడ్డీలో వెదకినచో చాలును. గుడ్డ పలుచని నూలుది కావలెను. తొడయొద్ద పట్టీ కోయరాదు. నడుమున సాగుపట్టీకన్న బొందు మేలు. బిగువు మరల వాని చేతిలోనికి వచ్చును. బరువులెత్తువానికి కొంత పట్టు కావలెను గనుక మరీ వదులును తగదు. తొడలు ఒరసికొనువానికి మోకాటికి జానెడు పైదాక దిగునది మంచిది. రెండు మూడైన నుంచుకొని, మధ్యాహ్నము మార్చుకొని, తడిసినదానిని ఉతికి ఎండలో ఆరవేయవలెను. సిగ్గుపడి చీకటిమూలను ఆరవేసిన గుడ్డ చెమ్మ విడువదు; చెమ్మలో తామర పెరుగును. తామరకు అంగడిలో కొన్న స్టెరాయిడు లేపనములు రాచుకొనరాదు. అవి మొదట దురద నణచి పిమ్మట వ్యాధిని వ్యాపింపజేయును.

ఊరి దర్జీచేత బొందులాగు కుట్టించుకొనువారికి ఒక్క మాట. కాళ్లసందున నాలుగుమూలల అతుకు వేయుమని చెప్పుడు. అప్పుడు కుట్లన్నియు ఒక్కచోట కలిసి గజ్జలను కోయవు. వంగి నాటు వేసినను, గొంతుకూర్చున్నను గుడ్డ చినుగదు.