మన తాతమ్మల జాడ

కొన్నియేండ్ల క్రిందట దక్షిణాఫ్రికానుండి ఒక పెద్దమనిషి మా గ్రామమునకు వచ్చెను. ఆయన పుట్టి పెరిగినది డర్బను నగరమున. ఆయనకు వచ్చిన తెలుగుమాటలు పది పన్నెండు. అవియు అమ్మ, అవ్వ, బియ్యము, దేవుడు అను ఇంటిమాటలే. చేతిలో ఒక కాగితముండెను. దానిలో ఒక సంఖ్య, ఒక స్త్రీపేరు, ఆమె తండ్రిపేరు, వయస్సు, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాసియున్నవి. ఆ గ్రామము మాది. ఆ స్త్రీ ఆయన తాతగారి తల్లి.

రావిచెట్టు క్రింద పెద్దలందరము కూడితిమి. మాలో ఒకరు తమ వంశమున ఏడుతరముల మగవారి పేర్లు గ్రుక్క తిప్పుకొనక చెప్పగలిగిరి. ఆ ఏడుతరములలో పుట్టిన ఆడుబిడ్డల పేర్లు చెప్పుమనగా తల వంచుకొనిరి. కాగితములో నున్న తండ్రిపేరు గల పూర్వులు నాలుగిండ్లలో తేలిరి గాని, వారికి కూతుళ్లుండిరో లేదో ఎవ్వరికిని తెలియదాయెను. వచ్చిన యాయన నొచ్చుకొనలేదు. ఊరిచెరువు పేరేమని యడిగి, దానిని ఆ కాగితము వెనుక వ్రాసికొని సెలవు తీసికొనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తాతగారి తల్లి పేరేమి యని నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. ఇంటిలో అందరు ఆమెను "పాలకొండ మామ్మ" అనుచుండిరి. పాలకొండ ఆమె పుట్టినయూరు, పేరు కాదు. సముద్రము దాటిపోయిన స్త్రీ పేరు పరాయిదేశపు దస్తరములో భద్రముగ నున్నది. ఇల్లు కదలక, ఆరుగురు బిడ్డలను కని పెంచి, ఈ మట్టిలోనే కలిసిపోయిన మా తాతమ్మ పేరు మాకు లేదు. ఈ వింత యెట్లు వచ్చినదో, దానికి ప్రతిక్రియ యేమో చెప్పుటకే నేటి ప్రసంగము.

మొదట ఆ కాగితము సంగతి. 1860వ సంవత్సరము అక్టోబరులో చెన్నపట్టణమున బయలుదేరిన ట్రూరో అను ఓడ నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు నేటాలు చెరకుతోటలకు, గనులకు, రైలుదారులకు ఒడంబడికకూలీలుగ పోయినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండువంతులు చెన్నపట్టణపు రేవున ఓడ యెక్కినవారే. అందు విశాఖపట్టణము, గంజాము జిల్లాలవారును ఉండిరి. ఒక్కొక్కరికి ఒక సంఖ్య యిచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఊరు, ఒంటిమీది గురుతులు వ్రాసికొనెడివారు. అది గౌరవము చేత గాదు. ఐదేండ్ల కూలికి కట్టుపడిన మనిషి తప్పిపోకుండుటకు. కాని ఆ లెక్కలో ఆడుదియు మనిషియే. అందుచేత ఆమె పేరు నిలిచినది. ఆ జాబితాలను డర్బనులోని విశ్వవిద్యాలయమువారు క్రోడీకరించిరి. ఫిజీద్వీపములకు 1879 మొదలు 1916 వరకు పోయినవారికిని ఇట్టి పత్రములే కలవు.

బర్మా పోయినవారి సంగతి వేరు. భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ రేవులనుండి పొగయోడలమీద రంగూను పోయినవారు మన సీమలో లెక్కకు మిక్కిలి. వారిని మేస్త్రీలు బయానా యిచ్చి కొనిపోవుచుండిరి గాని అట్టి ఒడంబడిక పట్టీలు లేవు. 1942లో జపానుసేనలు రంగూను పట్టుకొన్నప్పుడు కొండలు అడవులు పడి నడచివచ్చినవారు ప్రాణములు దక్కించుకొనిరి; పెట్టెలు, కాగితములు దారిలోనే పోయినవి. దగ్గరదేశమునకు పోయినవారి జాడ దూరదేశమునకు పోయినవారి జాడకన్న తక్కువగ దొరకుట కిదియే కారణము.

ఇక ఇల్లు కదలని వారిమాట. మన సీమలో స్త్రీల పేర్లు ఎప్పుడును వ్రాయలేదనుట సరికాదు. ముఖలింగమునందును శ్రీకూర్మమునందును దేవునికి అఖండదీపములు పెట్టించిన స్త్రీల పేర్లు గాంగరాజులనాటి రాతిస్తంభములమీద నేటికిని చదువవచ్చును. ఏడెనిమిది నూర్లయేండ్లనాటి దీపదాత పేరు తెలియుచున్నది. నూటయేబదియేండ్లనాటి తాతమ్మ పేరు తెలియదు. 1757 జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలియుద్ధమును తలచుకొనుడు. ఆ యుద్ధమున కోటలో అసువులు బాసిన మల్లమ్మదేవిని కథలు చెప్పువారు నిలిపిరి. విజయనగరాధిపతియగు విజయరామరాజు చెల్లెలని ఐతిహ్యముగల పైడిమాంబను సిరిమాను నిలిపినది. పాట కట్టబడినవారు, గుడి కట్టబడినవారు మిగిలిరి. పాటయు గుడియు లేనివారి గతి యేమి?

దొరతనమువారి దస్తరములలో వెదకుదమన్నచో మన జిల్లాలకొక చిక్కు కలదు. 1802లో శాశ్వతపరిష్కారము జరిగి మన గ్రామములలో పెక్కు జమీందారీలలో చేరినవి. దొరతనమువారికి శిస్తు కట్టువాడు జమీందారు. రైతుపేరు సంస్థానపు లెక్కలలో నుండెడిదేగాని సర్కారు లెక్కలలో చేరుట అరుదు. రైతుపేరే లేనిచోట రైతుభార్య పేరు వెదకుట యెట్లు? 1948నాటి చట్టముచేత జమీందారీలు రద్దయినపిమ్మట గాని ఇంటింటికి పట్టాలు రాలేదు. 1871లో చెన్నరాజధాని యంతట జనాభా లెక్కలు తీసిరి గాని, మిగిలినవి మొత్తములే. ఇంటింట వ్రాసిన పట్టీలు మిగులలేదు. 1899నాటి చట్టమునుబట్టి వ్రాసిన జననమరణపు పుస్తకములలో బిడ్డ పుట్టిన దినమునకు పేరు పెట్టియుండరు గనుక, తండ్రిపేరు వ్రాసి "ఆడశిశువు" అని వదలిన పంక్తులు పెక్కులు.

అయినను దారులు మూసికొనిపోలేదు. నేను నడచిన దారి చెప్పెదను.

మొదటి దారి మన తద్దినములు. తల్లి, పితామహి, ప్రపితామహి అని మూడుతరముల పేర్లు చెప్పుట కలదు. ఒకరు క్రొత్తగ చేరగానే నాల్గవతరము పేరు జారిపోవును. మా తండ్రిగారి తద్దినము నేను పెట్టుచున్నాను. అందుచేత నా నోటికి వచ్చు మూడవపేరు మా తాతమ్మదే కావలెను. పురోహితునడిగితిని. ఆయన తండ్రిగారి చేతివ్రాత పుస్తకములో ఒక పేరున్నది. నేను ఏటేట ఆయన చెప్పగా పలికి మరచిన పేరది! నాలుకమీద నున్నదానిని లోకమంతట వెదకితిని. తద్దినములు లేని యిండ్లలో సంక్రాంతినాడు పెద్దలకు క్రొత్తబట్టలు పెట్టి మ్రొక్కునప్పుడు ఎవరెవరి పేర చీరలు పెట్టుచున్నారో యడుగుడు. చీరలు పెట్టు చేతికి పేరు తెలియును.

రెండవ దారి పాత్రసామగ్రి. మా అటకమీద ఒక రాగిబిందె గలదు. దాని మెడమీద సన్నని అక్షరములతో ఒక స్త్రీపేరు చెక్కియున్నది. పుట్టింటివారు పెట్టిన సారె యది. కాని ఆ పేరును, పురోహితుని పుస్తకములోని పేరును ఒకటి కావు. ఇద్దరు స్త్రీలా, ఒక్కరా?

మూడవ దారి దస్తావేజులు. 1864 మొదలు మన దేశమున రిజిస్ట్రేషను చట్టములున్నవి. కూతురికి పసుపుకుంకుమల క్రింద భూమి యిచ్చుట మన సీమలో వాడుక. ఆ కాగితములలో స్త్రీ పేరు వ్రాయక తీరదు. మా పెట్టెలో పాలకొండ తాలూకా గ్రామములోని రెండెకరముల గరువుభూమికి అట్టి కాగితము దొరకినది. అందు బిందెమీది పేరే యున్నది. ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య యని మా ముత్తాత పేరుతో సహా యున్నది. కావున బిందె పేరు మా తాతమ్మదే. అట్లయినచో పురోహితుని పుస్తకములోని పేరు ఎవరిది?

ఈ ముడి విప్పినది కాగితము కాదు, మా మేనత్త. ఆమె వయస్సు తొంబది. "ఆమె అత్తగారి పేరును అదే కదా! అత్త పేరు పెట్టి కోడలిని పిలుతురా? వచ్చిననాడే వేరు పేరు పెట్టిరి" అని నవ్వెను. పుట్టింట ఒక పేరు, అత్తింట ఒక పేరు, వాడలో పుట్టినయూరి పేరు. ఒక్క మనిషికి మూడుపేర్లు. మూడును తెలిసినవారు ఇంటిలో ఒక్కరే మిగిలిరి. నేను ఆమె నడుగుటకు ఆలస్యమైనది రెండేండ్లు మాత్రమే. మరి రెండేండ్లు తాళియున్నచో ఆ ముడి అట్లే యుండెడిది. ఆ మరుసటి వేసవిలో మా మేనత్త కాలధర్మము నొందినది.

ఇట్లు వెదకువారు కొన్ని జాగ్రత్తలు గైకొనవలెను. ఇంటిపేరును గోత్రమును పెండ్లితో మారును. కావున ఆమె పుట్టింటివారి ఇంటిపేరు తెలిసికొననిదే ముందుకు పోరాదు. ప్రభవాది సంవత్సరముల పేర్లు అరువదియేండ్లకొకసారి తిరిగివచ్చును. పాతకాగితముమీద "ప్రభవ" అని యున్నచో అది 1867 కావచ్చును, 1927 కావచ్చును. బిడ్డల వయస్సులతో సరిచూచి నిర్ణయించుకొనవలెను. జిల్లాల యెల్లలును మారినవి. శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురము ప్రాంతములు 1936 ఏప్రిలు వరకు గంజాము జిల్లాలోనివి. పిదప విశాఖపట్టణములో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లా యైనవి. విజయనగరము 1979లో, పార్వతీపురము మన్యము 2022లో జిల్లాలైనవి. కావున పరదేశపు కాగితములో "గంజాము" అని యున్నంతమాత్రాన మనయూరు కాదని త్రోసివేయరాదు. "వలస" తో, "పేట" తో ముగియు ఊళ్లు ఒకే పేరుతో మనకు పెక్కులు కలవు. తాలూకా చూడక నిర్ణయింపరాదు. వయస్సులు అందాజుగా వ్రాసినవి. పేర్లు చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినవి.

అయినను ఆ వంకరయక్షరముల వెనుక మన సీమ తెలియుచునే యుండును. సింహాద్రి అప్పన్నవలన అప్పలమ్మ, అప్పలనరసమ్మ; పైడితల్లివలన పైడమ్మ; శ్రీకూర్మనాథునివలన కూర్మమ్మ; అనకాపల్లి నూకాంబికవలన నూకాలమ్మ; అసిరితల్లివలన అసిరమ్మ. డర్బను జాబితాలో ఇట్టి పేరు కనబడినచో ఆ బిడ్డ తల్లి ఏ కొండవైపు తిరిగి మ్రొక్కినదో మనము చెప్పగలము. దూరదేశపు పండితుల కది తెలియదు, మనకు తెలియును.

పెద్దలారా, అసలు చెప్పదలచిన దిదియే. సగము దస్తరము పరదేశములలో, కచేరీలలో నున్నది. తక్కిన సగము మన యిండ్ల అటకలమీదను, ముసలమ్మల నోటను ఉన్నది. కచేరీకాగితము నేడు కాకున్న రేపు చూడవచ్చును. రెండవది రేపటికి ఉండదు. 1984లో కరణాల పదవులు రద్దయినపిదప పాతలెక్కలు కొన్ని ఆ యిండ్లలోనే చెదలపాలగుచున్నవి. పాత బిందెలు తూకమునకు పోవుచున్నవి. పేరు చెక్కిన బిందెను అమ్ముటకు ముందు ఆ పేరునైనను వ్రాసికొనరాదా?

మా యూరిలో ఇప్పుడొక పుస్తకము పెట్టితిమి. ఇంటింటికి ఒక పుట. మగవారి పేర్లు మాకు కంఠస్థమే గనుక ముందుగ ఆడువారి పేర్లే వ్రాయుచున్నాము: పుట్టింటి పేరు, అత్తింటి పేరు, పుట్టినయూరు, బిడ్డలు, ఇల్లు విడిచి తిరిగిరాని కూతుళ్లు. ఈ చివరి వరుస వ్రాయించుటకే కష్టము. వితంతువై పోయినదని యొకరు, భర్త విడువగా పోయినదని యొకరు, 1866 కరువులో పొట్టచేతబట్టుకొని పోయినదని యొకరు చెప్పుటకు సంకోచింతురు. ఇంటి పరువని దాచిరి. దాచగా దాచగా పేరే పోయినది. ఆ యోడలలో ఒంటరిగ నెక్కిన స్త్రీలు పెక్కుమంది ఇట్టివారే. వారు చేసిన తప్పేమి? ఆకలిని వారు పుట్టింపలేదు. నూరేండ్లు దాటినపిమ్మటనైనను వారిని ఇంటిలెక్కలో చేర్చుకొందము.

డర్బను పెద్దమనిషి యడిగిన పేరు మాకింకను దొరకలేదు. నాలుగిండ్లలో ఏ యింటిదో తెలియలేదు. ఆ నాలుగిండ్ల పుటలలోను ఆ పేరు వ్రాసి, ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టితిమి. ఆయన కాగితమునందలి సంఖ్యయు వ్రాసితిమి. ఏ యటకమీదనో మరియొక బిందె దొరకినదాక ఆ గురుతు అట్లే యుండును.

మా తాతమ్మ పేరుమాత్రము తిరిగి ఇల్లు చేరినది. అది గొప్ప పేరు కాదు. సింహాద్రినాథుని పేరు కలిసిన పేరు, ఊరికి పదిమందికుండు పేరు. మొన్న మా మనుమరాలి బారసాలనాడు బియ్యములో ఆ పేరే వ్రాసితిమి. నేడు ఇంటికి పోగానే మీరును మీ యింటిలోని పెద్దముసలమ్మ ప్రక్క కూర్చుండి, "నీ అత్తగారి అత్తగారి పేరేమి?" అని యొక్కసారి యడుగుడు. చెప్పినది వెంటనే వ్రాసికొనుడు.