ముగ్గులోని గణితము

గణితశాస్త్రచరిత్ర వ్రాయువారు తఱచుగా గ్రంథములను వెదకుదురు కాని గడపలను చూడరు. తెలుగున గణితమునకు ప్రాచీనగ్రంథమే కలదు. మహావీరాచార్యుని సంస్కృతగ్రంథమును పావులూరి మల్లన 11వ శతాబ్దమున పద్యములుగా తెనిగించెను. ఆ పద్యములు మనవఱకు నిలిచినవి. స్త్రీలు పిండితో నేలపై వ్రాసిన గణితము మాత్రము ప్రతిదినమును పాదముల క్రింద చెరగిపోయినది. చెరగినంత మాత్రమున అది గణితము కాకపోదు.

ధనుర్మాసమున తెల్లవాఱుజామున విశాఖపట్టణపు పాతవీధులలో నడచినవారికి ఈ మాట విశదమగును. కళ్ళాపి చల్లిన వాకిట ఇల్లాలు మొదట చుక్కలు పెట్టును. నడుమ 7, అటునిటు వరుసగా 5, 3, 1 పెట్టినచో మొత్తము 25. అది నాలుగింటి వర్గమును మూడింటి వర్గమును కూడిన మొత్తము. సందుచుక్కతో నడుమ 7 మొదలుకొని ఇరుప్రక్కల 4 వఱకు తగ్గించినచో 37 చుక్కల షడ్భుజి యేర్పడును.

మెలికముగ్గు మఱింత లోతైనది. అందు గీత చుక్కను తాకరాదు. ఇరుగుపొరుగున నున్న ప్రతి రెండు చుక్కల నడుమను ఒకసారి పెనవేసికొనుచు, బయలుదేరిన చోటికే చేరవలెను. 3 వరుసలలో నాలుగేసి చుక్కలు సూటిగా పెట్టినచో ముగ్గంతయు ఒకే గీతతో ముగియును. 3 వరుసలలో మూడేసి పెట్టినచో మూడు గీతలు కావలయును. 4 వరుసలలో ఆఱేసి పెట్టినచో రెండు. వరుసల సంఖ్యకును, వరుసలోని చుక్కల సంఖ్యకును గల గరిష్ఠ సామాన్య భాజక మెంతయో గీతలును అన్నియే. ఆ భాజకమును తెలుపు పరస్పరభాగహారమే క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమునందలి కుట్టకమునకు పునాది. ఆఫ్రికాఖండమున అంగోలా దేశస్థులు ఇసుకపై వ్రాయు చిత్రములందును ఇదే నియమము కనబడుచున్నది.

1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిరి. సరిగా నూఱేండ్లకు, 1974లో, మద్రాసున గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి, కమలా కృతివాసన్ అను గణితజ్ఞులు మన ముగ్గునకు తోబుట్టువైన తమిళుల కోలమునకు వ్యాకరణము రచించి ప్రకటించిరి. స్వల్పనియమములతో లెక్కకు మిక్కిలిగా చిత్రములు పుట్టింపవచ్చునని చూపిరి. కంప్యూటరు శాస్త్రమున అది చర్చనీయాంశమయ్యెను. ఆ మువ్వురిలో ఇరువురు స్త్రీలగుట గమనింపదగినది.

ఇట్లుండగా, ముగ్గున ఆఱితేఱిన పిల్లను చూచి "ఆడపిల్లకు లెక్కలు పట్టుబడవు" అను పెద్దలు నేటికిని కలరు. ఆ పిల్ల చేతివ్రేళ్ళు ప్రతి ప్రాతఃకాలమును చేయుచున్న పని యేమని వారి అభిప్రాయము? మఱియొక వంక, ఓడరేవును ఉక్కు కర్మాగారమును పెంచిన యీ నగరమున అంతస్తుల యిండ్ల గడపలకు స్టిక్కరు ముగ్గులు వచ్చినవి. అవి కంటికి ఇంపుగా నుండవచ్చును. కాని ఎవరికిని లెక్క నేర్పవు.

కావున గృహస్థులకు మా విన్నపమొకటి. ఈ సంక్రాంతికి మీ పిల్లలచేత, మగపిల్లలను మినహాయింపక, మెలికముగ్గు వేయింపుడు. చుక్కలను మార్చి మార్చి పెట్టించి గీతలను లెక్కింపనిండు. లెక్క యేల మాఱినదని బాలిక ప్రశ్నించినచో, ఆమెకు ముగ్గుపిండితోపాటు గణితగ్రంథమును కూడ చేతికిచ్చుట మన విధి.