కట్టుమ్రాను – కట్టుబాటు

తిరువళ్ళూరు, తిరుత్తణి అనగానే చదువరులకు కొండయు, కోనేరును జ్ఞప్తికి వచ్చును గాని పడవ జ్ఞప్తికి రాదు. అయినను 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాకు తూర్పున సముద్రమే ఎల్ల. ఆ యెల్ల నానుకొని పులికాట్ సరస్సు గలదు. తెలుగువారు దానిని ప్రళయకావేరి యనియు, తమిళులు పళవేర్కాడనియు పిలుతురు. మన దేశమున ఇట్టి ఉప్పునీటి సరస్సులలో చిలుక సరస్సు తరువాత ఇదియే పెద్దది. ఈ నీటిపై నడచిన పడవలను గూర్చియు, అవి మనుష్యులకు నేర్పిన కలసికట్టుతనమును గూర్చియు కొంత విన్నవింప దలచితిమి.

ఈ తీరమున అనాదిగా వాడుకలో నుండినది కట్టుమరము. 'కట్టు' అను మాట మనకును తమిళులకును ఉమ్మడి సొత్తు. 'మరము' మన మ్రానే. ఆంగ్లేయులు ఈ మాటనే 'కాటమరాన్' అని తమ నిఘంటువులలో చేర్చుకొనిరి. మన తీరమున దీనిని తెప్ప యందురు. తేలికయైన దుంగలను కొన్నింటిని ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్ళతో బిగింతురు. అల మీద పడినను నీరు దుంగల సందులనుండి దిగిపోవును. ఒడ్డు చేరిన పిదప కట్టు విప్పి దుంగలను ఎండబెట్టుదురు. లేనిచో అవి నీరు పీల్చి బరువెక్కును. విడిగా నున్నప్పుడు ప్రతి దుంగయు నీటిలో దొర్లునదే. కట్టు పడినప్పుడే అది పడవ.

ఈ కట్టునే వేరొక రీతిగా వాడుకొన్నది ప్రక్కదుంగ పడవ. సన్నని దోనెకు ఒక ప్రక్కన, కొంత యెడముగా, తేలెడు కొయ్య నొకదానిని అడ్డకఱ్ఱలతో కట్టుదురు. ఆ కొయ్యపై ఎవరును కూర్చుండరు. అయినను దోనె బోర్లపడకుండ కాచునది అదియే. సింహళమున దీనిని ఓరువ యందురు. మన నికోబారు దీవులలో దీని పేరు హోడి. అచ్చట ఊరికిని ఊరికిని హోడి పందెములు జరుగును. పసిఫిక్ సముద్రమందలి హవాయి దీవులలో 1908లోనే ఈ పడవ పేర ఒక క్లబ్బు వెలసెను. 1952లో మొలొకాయి దీవినుండి ఓహు దీవికి పందెము మొదలయ్యెను. ఆ పందెపు పడవలో ఆరుగురు కూర్చుందురు. ముందువాడు లయ నిర్ణయించును, వెనుకవాడు దారి చూచును, నడుమనున్నవారు బలము నిత్తురు. ఎంతటి బలశాలియైనను తన తెడ్డును లయ తప్పించి వేసెనేని పడవకు అతడే అడ్డము.

మన తీరమునను ఇట్టి కూడిన శ్రమకు కొదువ లేదు. చెన్నపట్టణమున రేవు కట్టక పూర్వము ఓడలు దూరముగా నిలిచెడివి. ప్రయాణికులను, సరకులను ఒడ్డు చేర్చినవి మసూలా పడవలు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టిన పడవ లగుటచే అలల తాకిడికి వంగెడివి గాని విరిగెడివి కావు. పులికాటున 1613లో డచ్చివారు గెల్డ్రియా కోటను కట్టి, ఈ ప్రాంతపు బట్టలను తూర్పుదీవులకు ఓడల కెత్తిరి. తరువాత 1806లో చెన్నపట్టణమునకు ఉత్తరమున మొదలైన కాలువ క్రమముగా పెరిగి, 1876-78 నాటి కరవు పనులతో పొడిగింపబడి, బకింగ్‌హాం కాలువగా ప్రసిద్ధి కెక్కెను. తెలుగుసీమ సరకులు దాని వెంట పట్టణము చేరెడివి. గాలి లేనినాడు పడవవారు గట్టుపై నడచుచు, పడవను త్రాటితో లాగెడివారు.

అయితే ఈ సరస్సున చూడదగిన కట్టు పడవలో కంటె ఊరిలో ఎక్కువగా గలదు. దాని పేరు 'పాడు'. ఆ మాట వినగానే మన చెవికి చెడుగే తోచును. కాని అర్థమును బట్టి అది న్యాయమును తెల్పు మన 'పాడి'కే చేరువ. వల వేయుటకు హద్దు లేర్పడిన చోట్లు కొన్ని గలవు. అన్ని చోట్లును సమానముగా పండవు. కనుక ఎవరు, ఎప్పుడు, ఎచ్చట వల వేయవలెనో హక్కుగల పల్లెలవారు కూడి చీట్లు వేసి, వంతులు నిర్ణయించుకొందురు. మంచి చోటు ఎవనికిని శాశ్వతము గాదు, చెడ్డ చోటును అంతే. కాగితముల నడుమ ఉద్యోగకాల మంతయు గడపిన మావంటి గుమాస్తాలకు వంతును నిలుపుట ఎంత కష్టమో తెలియును. సిఫారసు చీటీ రాని వంతు పట్టికను మేము కార్యాలయములలో అరుదుగా చూచితిమి.

గుణమును చెప్పి దోషమును దాచుట తగదు. పాడు హక్కు కొన్ని పల్లెలకును, ఒక కులమువారికిని చెందుట చేత, తక్కిన బెస్తలు వెలియై తగవులు పుట్టినవి. కట్టు అందరిని చేర్చినప్పుడు పడవ యగును; కొందరిని త్రోసివేసినప్పుడు గోడ యగును. దీనికి తోడు సరస్సు ముఖద్వారమును ఇసుక పూడ్చుచున్నది. కట్టుమరముల స్థానమున యంత్రము బిగించిన ఫైబరు పడవలు వచ్చినవి. యంత్రము శ్రమను తగ్గించుట మంచిదే. కాని తెడ్డు నేర్పిన లయను అది నేర్పదు. తెలుగు పల్లెలకును తమిళ పల్లెలకును నడుమ సరస్సుపై ఎల్ల తగవులును కలుగుచున్నవి. నీటిపై గీత నిలువదు. చేపకు ఎల్ల తెలియదు.

నేలపై గీసిన గీతను మేమెరుగుదుము. 1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు చేరెను. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు చేరెను. అయినను ఆడికృత్తికకు తిరుత్తణి శరవణ పుష్కరిణిలో తెప్పోత్సవము జరుగునప్పుడు, మెట్లపై నిలిచినవారు రెండు భాషలలోను మొక్కుకొనుచునే యున్నారు. తెప్ప అను మాటను తమిళులు తెప్పమందురు. ఇచ్చటి తెలుగువారిని ఆ ప్రక్కదుంగతో పోల్చవచ్చును. దోనె తమిళులది, యెడముగా కట్టబడిన కొయ్య మనది. కట్టు వదలినచో రెండింటికిని నష్టమే.

కావున ఈ సంచిక చదువు యువకులకు మా మనవి యొక్కటి. సెలవుదినమున పులికాటునకు పోయి, పడవ భాగముల పేర్లను, త్రాటి ముడుల పేర్లను, వల వంతుల లెక్కలను అచ్చటి వృద్ధుల నడిగి రెండు భాషలలోను వ్రాసికొని రండు. అచ్చట ముడి వేయ నేర్చిన చేతులు ముసలివైనవి. అవి యుండగనే ముడిని నేర్చుకొనుట మంచిది.