కాలేయదానము: అర్హులెవరు?

ఒక్క కాలేయము దొరికినది. కోరువారు పదిమంది ఉన్నారు. అందులో ఒకరికి కాలేయములోనే క్యాన్సరు కలదు. అతనికిచ్చిన అవయవమును ఏడాదిలో అదే వ్యాధి మరల కబళించినచో, తక్కిన తొమ్మిదిమందిలో ఒకరి ప్రాణము వృథాగా పోయినట్లే గదా! ఈ చిక్కుప్రశ్నకు సమాధానము వెదకుటలో వైద్యులకు ముప్పదియేండ్లకు పైగా పట్టినది.

1963 మార్చి 1న అమెరికాలోని డెన్వరు నగరమున థామస్ స్టార్జల్ మానవునకు మొదటిసారి కాలేయమార్పిడి చేసినారు. ఆ బాలుడు శస్త్రచికిత్స బల్లమీదనే మరణించినాడు. 1967లో ఆయన చేతులమీదనే తొలి విజయము లభించినది. ఏడాదిన్నర వయస్సుగల ఆ పసిపాప వ్యాధి కాలేయ క్యాన్సరు. ఆమె నాలుగువందల దినములకు పైగా జీవించినది. పిదప పాత వ్యాధియే తిరిగివచ్చి ఆమెను తీసికొనిపోయినది.

కత్తితో కోసి తీయుటకు వీలులేనంత పెరిగిన గడ్డలున్నవారినే ఆ రోజులలో మార్పిడికి ఎన్నుకొనెడివారు, వేరుదారి లేనివారు గదా అని. ఆ జాలియే కొంప ముంచినది. క్రొత్త అవయవమును శరీరము త్రోసిపుచ్చకుండ ఇచ్చు మందులు ఒంటిలోని రక్షకశక్తిని అణచును. అదను చూచి, అప్పటికే రక్తములోనికి జారుకొన్న క్యాన్సరు కణములు విజృంభించును. అయితే మరొక సంగతి వైద్యుల కంటబడినది. సిరోసిస్ ముదిరి కాలేయము గట్టిపడినవారికి మార్పిడి చేసి, తీసివేసిన కాలేయమును కోసి చూడగా, అంతవరకు ఎవరికిని తెలియని చిన్నగడ్డలు ఒక్కొక్కప్పుడు బయటపడుచుండెడివి. అట్టివారు చాలవరకు సుఖముగనే ఉన్నారు. దోషమంతయు ఎంపికలోనే ఉన్నదని అప్పుడు తోచినది.

ఈ సూక్ష్మమును సూత్రముగా నిలిపినవారు ఇటలీలోని మిలాను నగరపు వైద్యుడు విన్‌చెంజో మజ్జఫెర్రో. గడ్డ ఒక్కటియైనచో 5 సెంటీమీటర్లు మించరాదు. రెండుమూడైనచో ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లు మించరాదు. రక్తనాళములలోనికి గాని, కాలేయము వెలుపలికి గాని ప్రాకి ఉండరాదు. ఇట్లు ఎన్నుకొన్న 48 మందిలో నాలుగేండ్లకు నూటికి 75 వంతులు బ్రతికియున్నట్లు 1996లో ప్రకటించినారు. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ఒంటిగడ్డకు హద్దును 6.5 సెంటీమీటర్ల వరకు జరిపినారు. అమెరికాలో 2002లో క్యాన్సరు రోగులకు వరుసలో అదనపు మార్కులిచ్చి, అవి మితిమీరినవని మరుసటి యేడే తగ్గించుకొనవలసి వచ్చినది. కొలబద్ద చేతబట్టినవాడు కూడ తడబడుననుటకు ఇదొక తార్కాణము.

మన దేశమున అవయవమార్పిడి చట్టము 1994లో వచ్చినది. తొలి విజయము 1998లో ఢిల్లీలో, తండ్రి ఇచ్చిన కాలేయభాగముతో ఒక పసివానికి లభించినది. మృతుల అవయవములను పంచు జీవన్‌దాన్ పథకము హైదరాబాదు నిమ్స్ కేంద్రముగా 2013లో మొదలైనది. అయినను మన దేశమున మార్పిడి చేయు కాలేయములలో ఎక్కువభాగము ఇంటివారిచ్చునవే. కుమారుడు తండ్రికిచ్చునప్పుడు వరుసలోని పరాయివాని వంతు పోదు. కనుక హద్దును కొంత సడలించవచ్చునని కొందరందురు. ఆ మాట నాకు సగమే రుచించును. ఆరోగ్యవంతుడైన దాత కడుపును కూడ కోయవలెను గదా! ప్రాణాపాయము స్వల్పమే గాని లేకపోలేదు.

గడ్డ 5 సెంటీమీటర్లలోపున కనబడవలెనన్నచో సిరోసిస్ ఉన్నవారు ఆరునెలలకొకమారు అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొనవలె. చిన్నగడ్డకు సాధారణముగా నొప్పియుండదు. కోస్గి వంటి ఊరినుండి కూలి మానుకొని, బస్సు ఖర్చు పెట్టుకొని, నొప్పిలేని రోగమునకై ఎవరు బయలుదేరుదురు? నొప్పి పుట్టి పట్నము చేరునప్పటికి కొలత దాటిపోవును. ఆసుపత్రిలో ఎంపిక మొదలుకాక మునుపే ఊరిలో సగము ఎంపిక జరిగిపోవుచున్నది.

దాటినవారికి ద్వారము పూర్తిగా మూసుకొనలేదు. గడ్డకు పోవు రక్తనాళములోనికి మందు పంపి, రక్తప్రవాహమునాపి, దానిని కుదించి, కొన్ని నెలలు కనిపెట్టి చూచి, అదుపులో ఉన్నవారికి మార్పిడి చేయుట మేలేనని మజ్జఫెర్రో బృందమే 2020లో ప్రకటించినది.