బొమ్మ రైలు పాయింట్లు: దూరనియంత్రణ చరిత్ర

రైలు ఒక దారి నుండి మరొక దారికి మళ్లే చోట, స్థిరమైన పట్టాల మధ్య అటూ ఇటూ జరిగే కొనదేలిన పట్టాలను నాలుక పట్టాలనీ, ఆ మొత్తం అమరికను పాయింట్ అనీ అంటారు. దాన్ని చేతితో జరిపినంత కాలం, జరిపిన మనిషే దగ్గర నిలబడి నాలుక పట్టా పక్క పట్టాకు ఆనుకున్నదో లేదో కళ్లారా చూసేవాడు. మీట దూరంగా ఉన్న క్యాబిన్‌లోకి చేరి, మీటకూ పట్టాకూ మధ్య పొడవైన కడ్డీలు వచ్చిన తరువాత, ఆజ్ఞ ఇవ్వడం ఒకటిగానూ అది అమలయిందని తెలుసుకోవడం మరొకటిగానూ విడిపోయాయి. ఇంగ్లండులో జాన్ శాక్స్‌బీ 1856లో పాయింట్లనూ సిగ్నళ్లనూ ఒకే యంత్రాంగంలో కలిపి పేటెంటు పొందాడు; పరస్పర విరుద్ధమైన మీటలను ఒకేసారి లాగడానికి వీలివ్వని ఇంటర్‌లాకింగ్ పద్ధతి ఆ దారిలోనే ఎదిగింది. అయితే అది కట్టడి చేసింది మీటలను మాత్రమే. 1876 జనవరి 21న ఆబట్స్ రిప్టన్ వద్ద మీట ‘ఆగు’ అని సూచించే స్థితిలో ఉన్నా, మంచు పేరుకుపోయిన సిగ్నల్ చెయ్యి దారి ఉన్నట్టే చూపుతూ ఉండిపోయింది. ఎక్స్‌ప్రెస్ రైలు వచ్చి బొగ్గు రైలును గుద్దుకుంది. బొమ్మ రైళ్ల చరిత్రలో ప్రాణాపాయం లేదు గాని, దూరనియంత్రణ వచ్చిన నాటి నుండి వాటిని వేధించిన సమస్య ఆజ్ఞకూ అమలుకూ మధ్య ఉన్న ఈ ఎడమే.

జర్మనీలో మార్‌క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల కొలతలను ప్రామాణికం చేసి బొమ్మ రైళ్లను ప్రదర్శించినప్పటి నుండి కొన్ని దశాబ్దాల పాటు పాయింట్లు ప్రధానంగా చేతిమీటలతోనే నడిచాయి. న్యూయార్కులో 1900లో జాషువా లయొనెల్ కవెన్ స్థాపించిన లయొనెల్ సంస్థ 1920ల రెండో సగంలో విద్యుత్తుతో దూరం నుండి జరిపే పాయింట్లను అమ్మకానికి తెచ్చింది. వాటి గుండెకాయ సోలినాయిడ్. సన్నని రాగితీగను గొట్టంలా చుట్టి విద్యుత్తు పంపితే ఆ చుట్ట అయస్కాంతమై లోపలి ఇనుప కడ్డీని లాక్కుంటుంది. అటువంటి చుట్టలు రెండు ఎదురెదురుగా అమరిస్తే, ఒకటి నాలుక పట్టాను తిన్నని దారికీ మరొకటి మలుపు దారికీ లాగుతుంది. ఈ లాగుడుకు క్షణంలో కొంత భాగం చాలు. ఆ మీదట కూడా విద్యుత్తు పారుతూ ఉంటే చుట్ట వేడెక్కి, తీగ మీది పూత మాడి, చివరకు కాలిపోతుంది. తరువాతి కాలపు మరమ్మతులలో అధిక భాగం ఈ ఒక్క స్వభావం చుట్టూనే తిరిగింది.

1938లో వచ్చిన లయొనెల్ 022 పాయింట్‌కు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. యుద్ధకాలపు విరామాన్ని మినహాయిస్తే 1960ల మధ్య వరకు అది తయారవుతూనే వచ్చింది. లయొనెల్ దారికి మూడు పట్టాలు: నడిమి పట్టా విద్యుత్తును తెస్తుంది, బయటి రెండూ దాన్ని తిరిగి తీసుకుపోతాయి. 022లో బయటి పట్టాలలో చిన్న ముక్కలను మిగతా దారి నుండి విద్యుత్తుపరంగా వేరుచేసి, వాటిని చుట్టలకు కలిపారు. జరిగి ఉన్న పాయింట్‌కు విరుద్ధమైన దారి నుండి రైలు వచ్చినప్పుడు, దాని చక్రాలూ ఇరుసులూ ఆ ముక్కను ఎదుటి బయటి పట్టాతో కలిపి వలయాన్ని పూర్తి చేస్తాయి. దానితో పాయింట్ తనంతట తాను జరిగి రైలును పట్టాల మీదే నిలుపుతుంది. రైలు అక్కడే ఆగిపోతే చుట్ట కాలిపోకుండా, జరిగే భాగానికి బిగించిన స్పర్శరేకులు పని పూర్తికాగానే విద్యుత్తును తెంచుతాయి. ఆ రేకులే నియంత్రణ పెట్టె మీది ఎర్ర, పచ్చ దీపాలను కూడా మారుస్తాయి గనుక, ఆ దీపాలు నొక్కిన మీటను కాక పాయింట్ యంత్రం నిజంగా నిలిచిన స్థితిని చూపుతాయి. పిల్లల ఆటవస్తువులో ఇంతటి ఆలోచన పొందుపరచడం మెచ్చదగిన విషయం.

ఈ నైపుణ్యమే లోపాలకు కూడా ఆకరమైంది. వేరుచేసిన ముక్కను పక్క పట్టాతో జోడించే చోట లోహపు మేకుకు బదులు విద్యుత్తు పారని ఫైబర్ మేకు ఉండాలి. పట్టాలు మార్చి అమర్చే హడావుడిలో అది పోయి, దాని స్థానంలో లోహపు మేకు చేరితే, రైలు లేకపోయినా ఉన్నట్టే భావించి పాయింట్ ఒకే వైపుకు తిరిగి వస్తుంది. రెండు వైపులా అదే జరిగితే ఆగకుండా టకటకలాడుతుంది. పట్టాల నుండే శక్తి తీసుకునే పాయింట్‌కు, రైలు వేగం తగ్గించినప్పుడల్లా వోల్టేజి కూడా తగ్గి లాగే బలం చాలేది కాదు. అందుకే 022లో విడిగా స్థిరమైన వోల్టేజి ఇవ్వడానికి ఒక ప్లగ్‌ను ఏర్పాటు చేశారు. కనుక అనుభవజ్ఞులు ముందు పాయింట్‌ను దారి నుండి విడదీసి బల్ల మీద పరీక్షిస్తారు: అక్కడ సరిగా పనిచేస్తే తప్పు మేకులదో పక్క పట్టాలదో అవుతుంది, చేయకపోతే మట్టిపట్టిన స్పర్శరేకులనూ గట్టిపడిన పాత నూనెనూ తెగిన తీగలనూ వెదకాలి.

చుట్ట కాలిపోయే సమస్యకు తరువాతి తరం సరళమైన జవాబు కనుగొన్నది. కెపాసిటర్ అనే విద్యుత్ నిల్వ పరికరంలో ముందుగా శక్తిని నింపి, బటన్ నొక్కగానే ఒక్కసారిగా చుట్టలోకి వదిలితే లాగుడు బలంగా ఉంటుంది. బటన్ ఎంతసేపు నొక్కి ఉంచినా ఆ తరువాత పారేది చుట్టకు హాని చేయలేని స్వల్ప ప్రవాహమే.

ఆజ్ఞకూ నిర్ధారణకూ మధ్య దూరాన్ని తర్కంతో పూడ్చిన ప్రయత్నం అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జరిగింది. 1940ల రెండో సగంలో అక్కడ ఏర్పడిన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్, యుద్ధకాలంలో తాత్కాలికంగా కట్టిన బిల్డింగ్ 20లో తన నమూనా రైలుదారిని పరచింది. రైలు పెట్టెలకు రంగులు వేసేవారు ఒక వర్గం కాగా, సిగ్నళ్లూ విద్యుత్తూ చూసే ఉపసంఘం మరొకటి. ఈ రెండో వర్గం బల్ల కింద టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో వాడే రిలేలతో, అంటే ఒక వలయంలోని విద్యుత్తుతో మరొక వలయాన్ని కలిపే లేదా తెంచే విద్యుదయస్కాంత మీటలతో, మహా యంత్రాంగాన్ని అల్లింది. టెలిఫోన్ డయలు తిప్పి దారిలోని ఏ భాగం తమ అధీనంలోకి రావాలో సభ్యులు ఎంచుకునేవారు. ఆ బల్ల కింద లోపాలు వెదకి తర్కం నేర్చినవారిలో కొందరు 1959లోనూ ఆ తరువాతా కంప్యూటర్ల వద్దకు చేరి, ప్రోగ్రామింగ్ సంస్కృతికి ఆద్యులయ్యారు. స్టీవెన్ లెవీ 1984లో ప్రచురించిన ‘హ్యాకర్స్’ గ్రంథం వారి నుండే మొదలవుతుంది. ఆ ఘనత రైలు బొమ్మలకు దక్కవలసినంతగా దక్కలేదు.

ఇప్పటి నమూనా దారుల్లో చుట్టల స్థానాన్ని నెమ్మదిగా కదిలే చిన్న మోటార్లు చాలావరకు ఆక్రమించాయి. సర్క్యుట్రాన్ వారి టార్టాయిస్ 12 వోల్టుల మీద సుమారు 3 సెకన్లలో నాలుక పట్టాను జరిపి, ఆ తరువాత ఆగిన స్థితిలోనే అతి తక్కువ విద్యుత్తుతో దాన్ని నొక్కి పడుతుంది. దానిలోని అదనపు స్పర్శలు దీపాలను వెలిగిస్తాయి. అయితే అవి చెప్పేది మోటారు స్థితిని మాత్రమే, మోటారునూ పట్టానూ కలిపే ఉక్కుతీగ జారిపోతే పట్టా కదలకపోయినా దీపం మారుతుంది. నిజమైన రైల్వేలో ఈ లోపానికి తావివ్వకుండా, జరిపే కడ్డీతో సంబంధం లేని, స్థితిని తెలిపే వేరే కడ్డీలను నేరుగా నాలుక పట్టాలకే బిగిస్తారు. సికింద్రాబాద్‌లో 1957లో నెలకొన్న సిగ్నల్ ఇంజినీరింగ్ శిక్షణ సంస్థ వంటి చోట్ల భారతీయ రైల్వే సిబ్బంది అభ్యసించే విద్య ఇదే. పాయింట్ యంత్రాన్ని తనిఖీ చేసేటప్పుడు వారు నాలుక పట్టాకూ పక్క పట్టాకూ మధ్య 5 మిల్లీమీటర్ల మందం గల లోహపు ముక్కను అడ్డుపెడతారు; ఆ స్థితిలో యంత్రానికి తాళం పడకూడదు, పాయింట్ అమరినట్టు సూచన రాకూడదు.