బస్సు మెట్టు



చరిత్ర యనగా రాజుల వంశక్రమములు, దండయాత్రలు, కోటల ముట్టడులు అని మనము పాఠశాలలో నేర్చుకొంటిమి. నేనును ముప్పది సంవత్సరములకు పైగా పిల్లలకట్లే నేర్పితిని. నేడు మీకు చెప్పబోవునది ఒక మెట్టు చరిత్ర. అది గుడి మెట్టు గాదు, చెఱువు మెట్టు గాదు. మన యూరికి వచ్చు బస్సు తలుపుకడ నుండు ఇనుప మెట్టు. అఱువది దాటినవారికి దాని సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక చేత కఱ్ఱయు సంచియు, రెండవ చేత కడ్డీయు పట్టుకొని, మోకాలు మొఱాయించుచుండగా పాదము పైకెత్తునప్పుడు, వెనుకనున్న కుఱ్ఱవాడు "తాతా, తొందరగా ఎక్కు" అనును. వాని తప్పేమియు లేదు. వానికా మెట్టు కనబడదు.

మెట్టంత యెత్తుగా నుండుటకు కారణము కలదు. హైదరాబాదు సంస్థానమున 1932లో నిజాం ప్రభుత్వపు రైలు, రోడ్డు రవాణా శాఖవారు 27 బస్సులతో ప్రయాణసేవ ఆరంభించిరి. తరువాత క్రమక్రమముగా పల్లెలకును బస్సు వచ్చెను. దానివలన కలిగిన మేలు ఇంతింత యనరాదు. అయితే మన దేశమున బహుకాలము బస్సు పెట్టెను లారీ చట్రముపైననే కట్టుచు వచ్చిరి. లారీ సరకుల కొఱకు చేసినది. ఇరుసులును యంత్రభాగములును క్రిందనుండుటచే దానిపై పఱచిన పలక నేలకు మూడడుగులకు పైగా ఎత్తున నుండును. సరకును కూలీలు ఎత్తి పెట్టుదురు. మనిషి తనంతట తానెక్కవలయును. ఎక్కలేనివాడేమగునన్న ప్రశ్న ఆ కొలతలలో ఎక్కడను లేదు.

ఈ ప్రశ్న నాకును చాలకాలము తోచలేదు. ఆ కథ మొదట చెప్పి పిమ్మట చరిత్రకు వచ్చెదను. 1986 ప్రాంతమున నేను పనిచేయుచుండిన ఉన్నత పాఠశాలకు మూడు మైళ్ల దూరపు పల్లెనుండి ఒక బాలుడు వచ్చుచుండెను. పోలియోవలన రెండు కాళ్లును చచ్చుపడినవి. వాని యూరి పెద్దపిల్లలిద్దఱు ప్రతిదినము వానిని చంకలక్రింద పట్టి బస్సులోనికెత్తి, మఱల దింపి, తరగతిగదిలో కూర్చుండబెట్టుచుండిరి. పాఠశాల వార్షికోత్సవమున నేనా యిద్దఱిని సభలో నిలువబెట్టి, పరోపకారమునుగూర్చి అరగంట మాటలాడి, చెఱియొక పుస్తకము బహుమానమిప్పించితిని. సభ్యులు చప్పట్లు కొట్టిరి. మఱుసటి సంవత్సరము ఆ యిద్దఱును పదవ తరగతి ముగించి పట్టణమునకు పోయిరి. బాలుడు బడికి రాలేదు. తండ్రిని సంతలో చూచి అడిగితిని. "ఎక్కించేవాళ్లు లేరండి పంతులుగారూ" అనెను. బస్సు యథాప్రకారము వచ్చుచునే యుండెను. నేను రెండు జతల భుజములను మెచ్చుకొంటిని గాని, ఆ మెట్టువైపు ఒక్కసారియైనను తిరిగి చూడలేదు. డిపోకు ఒక్క ఉత్తరము వ్రాయుటయైనను నాకు తోచలేదు.

మెట్టువైపు తిరిగి చూచినవారు మఱియొక దేశమున అప్పటికే కలరు. వారి కథ తెలిసికొనుటకు అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు రాజధాని డెన్వరు నగరమునకు పోవలయును.

అచ్చట 1970వ దశకపు తొలిభాగమున వేడ్ బ్లాంక్ అను క్రైస్తవ బోధకుడొకడు వృద్ధుల శుశ్రూషాలయమున ఉద్యోగము చేయుచుండెను. నల్లజాతివారి హక్కులకై మార్టిన్ లూథర్ కింగు నడిపిన సెల్మా యాత్రలో నడచినవాడు. ఆ శుశ్రూషాలయమున ముసలివారితోపాటు ఇరువది, ఇరువదియైదేండ్ల వికలాంగులను గూడ ఉంచియుండిరి. వారికి రోగమేమియు లేదు. ఇంటికడ చూచువారు లేకపోవుటయే వారి వ్యాధి. బ్లాంకు మఱికొందఱితో గూడి వారిని వెలుపలికి తెచ్చి, సొంత గదులలో కాపురముంచి, సహాయకుల నేర్పాటుచేసి, 1975లో అట్లాంటిస్ అను సమాజమును స్థాపించెను. ఇల్లు దొరకెను. ఇంటినుండి పనికి, అంగడికి, వైద్యునికడకు పోవుటెట్లు? చక్రాల కుర్చీతో ఎక్కదగిన బస్సులు లేవు. నగర రవాణాసంస్థవారు కొత్తబస్సులు కొనుచున్నారని తెలిసి, వానికి కుర్చీని పైకెత్తు యంత్రము పెట్టింపుడని వీరు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. ఓడిపోయిరి.

1978 జూలై 5వ తేదీన పందొమ్మండుగురు వికలాంగులు డెన్వరు నడిబొడ్డున, రాష్ట్ర శాసనసభా భవనమునకు చేరువనున్న కోల్‌ఫాక్స్, బ్రాడ్వే వీథుల కూడలికి వచ్చిరి. బస్సు ఆగగానే కొందఱు దాని ముందఱను, కొందఱు వెనుకను కుర్చీలు నిలిపిరి. కొందఱు కుర్చీలనుండి దిగి రోడ్డుమీదనే పరుండిరి. అట్లు రెండు బస్సులు చిక్కుకొనెను. ఆ రాత్రి తెల్లవాఱినను వారు కదలలేదు. మేమును ఎక్కెదము అనునదే వారి కేక.

ఒక విషయమును మీరు గమనింపవలయును. ఆ పందొమ్మండుగురికి సహాయకులు కలరు. మంచమునుండి లేపుటకు, అన్నము పెట్టుటకు, కుర్చీ త్రోయుటకు అలవాటుపడినవారు. వారు తలచినచో ఆ మనుష్యులను చేతులతో ఎత్తి బస్సులో కూర్చుండబెట్టగలరు. నా బడిపిల్లలు చేసినదదియే గదా. ఆనాడు వారెత్తలేదు. ఎత్తినచో ఆ పూటకు ప్రయాణము సాగును, మెట్టు మాత్రము ఉన్నచోటనే యుండును. సేవచేయువాడు తన చేతులను ముడుచుకొని, సేవపొందువాడు చెప్పినట్లు ప్రక్కన నిలుచుటయు ఒక సేవయని నాకీ కథ చదివిన పిమ్మటగాని తెలియలేదు. నలువది యేండ్లు ధర్మశాస్త్రములు చదివినవాడనే.

ఇంతకు పూర్వము 1955లో అలబామా రాష్ట్రపు మాంట్గొమరీ నగరమున రోజా పార్క్సు అను నల్లజాతి వనిత బస్సులో తన పీటనుండి లేవననెను. ఆ నగరపు నల్లజాతివారు 381 దినములు బస్సెక్కక, స్వచ్ఛందముగా నడిపిన కార్లలోను, కాలినడకను పనులకు పోయిరి. డెన్వరువారు ఆ పాఠమునే చదివినవారు. కాని వీరి చిక్కు వేఱు. ఆమెను వెనుకకు పొమ్మనిరి. వీరు వెనుక పీట దాకనైనను పోజాలరు.

ప్రభుత్వమునకీ సంగతి తెలియకపోలేదు. 1977లో అమెరికా కేంద్ర రవాణాశాఖ, ఇకమీదట కొను బస్సుల పలక నేలకు దగ్గఱగా నుండవలయునని ఆదేశించెను. 1979లో అట్టి బస్సులకై టెండర్లు పిలువగా ఒక్క కంపెనీయు ముందుకు రాలేదు. అదే సంవత్సరమున వెలువడిన మఱియొక నిబంధనను రవాణాసంస్థల సంఘమువారు న్యాయస్థానమునకీడ్చి 1981లో కొట్టివేయించిరి. ఖర్చెక్కువ యనిరి. చక్రాల కుర్చీలవారు బస్సులలో ఎక్కువగ కనబడుటలేదు గదా, వారికింత యేల యనిరి. వంతెన లేని యేటికడ నిలిచి, ఎవరును దాటుట లేదు గనుక వంతెన అక్కఱలేదనినట్లున్నది ఈ వాదము.

డెన్వరువారు 1983లో అడాప్ట్ అను సంఘముగా ఏర్పడి, రవాణాసంస్థల మహాసభలు ఏ నగరమున జరిగినను అచ్చటికి కుర్చీలతో పోయి ద్వారములకడ కూర్చుండిరి. పెక్కుసార్లు చెఱసాలకు పోయిరి. 1990 మార్చి 12వ తేదీన వాషింగ్టనులో, శాసనము ఆలస్యమగుచున్నదని, సుమారు అఱువదిమంది తమ కుర్చీలను విడిచి, పార్లమెంటు భవనపు రాతిమెట్లను చేతులతోను మోచేతులతోను ప్రాకుచు ఎక్కిరి. వారిలో ఎనిమిదేండ్ల బాలికయు కలదు. ఆ సంవత్సరమే జూలై 26న వికలాంగుల హక్కుల చట్టముపై అధ్యక్షుడు బుష్ సంతకము చేసెను. ప్రభుత్వరవాణాకై కొను కొత్త బస్సులన్నియు కుర్చీతో ఎక్కదగినవై యుండవలెనని అది విధించెను. బ్లాంకు ఆ ఫలమును ఎక్కువకాలము చూడలేదు. 1993లో మెక్సికో సముద్రతీరమున నీటిలో చిక్కిన కొడుకును రక్షింపబోగా తండ్రికొడుకులిరువురును మరణించిరి.

పిమ్మట ఎత్తుయంత్రమునకు బదులుగా, పలకయే క్రిందికుండి వాలుబల్లతో ఎక్కదగిన బస్సులు ప్రబలినవి. మెట్టే లేదు. నేలనుండి పలకకు 400 మిల్లీమీటర్లు, అనగా పదునాఱంగుళములు. కాలిబాట ప్రక్కన ఆగినప్పుడు అదియు తగ్గును. కఱ్ఱ పట్టిన ముదుసలి, చంకను బిడ్డగల తల్లి, మూటతో వచ్చు కూలి, అందఱును సుఖముగా ఎక్కుదురు. 1978లో ఆ రోడ్డుపై పరుండినవారిలో పెక్కురు యౌవనులు. లాభము మాత్రము ముసలివారికే ఎక్కువగ దక్కెను.

మన దేశమునకు వత్తము. 2011 జనాభా లెక్కలలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అఱువది దాటినవారు 10 కోట్లకు పైబడినవారు. 1995లో వికలాంగుల చట్టము వచ్చెను. బస్సులు, రైళ్లు వారికి అనువుగా చేయవలయునని అందులో కలదు గాని, ఆర్థికశక్తికి లోబడి యను మాటయు కలదు. అప్పు తీర్చువాడు "వీలైనప్పుడు" అని వ్రాసియిచ్చిన పత్రమువంటిదది. చక్రాల కుర్చీలో తిరుగు జావేద్ అబీదీ యనునాయన విమానప్రయాణపు కష్టములపై సుప్రీంకోర్టుకు పోయి 1998లో తీర్పు పొందెను. ఢిల్లీ మెట్రో రైలు కట్టునప్పుడు సామర్థ్యం అను సంస్థవారు, వారిలో కొందఱు కుర్చీలలోనే తిరుగువారు, అధికారుల వెంటబడి, వాలుదారి యెంత యుండవలెనో, లిఫ్టు మీటలెంత యెత్తున నుండవలెనో కొలతలతో చూపిరి. 2002 డిసెంబరులో ఆ రైలు నడచినప్పుడు వికలాంగులును తమంతట తామెక్కిరి. 2016లో కొత్త చట్టము వచ్చెను.

2005లో రాజీవ్ రాతూరి యను దృష్టిలోపముగల యొకాయన వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2017 డిసెంబరు 15న ప్రభుత్వములకు గడువులు పెట్టెను. గడువులు గడచినవి. అప్పుడు న్యాయస్థానము వాస్తవస్థితిని విచారించి చెప్పుమని హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రమును కోరెను. మన తెలుగుగడ్డనుండి పోయిన ఆ నివేదికను చూచి, 2024 నవంబరు 8న, నియమములు కేవలము సూచనలుగా నుండరాదు, తప్పక పాటింపవలసిన కనీసపు కొలతలుగా నుండవలయునని తీర్పు చెప్పెను. సూచనకును విధికిని గల భేదము మీమాంస చదివినవారికి క్రొత్త గాదు. బస్సు మెట్టుకడ ఆ భేదమెంతయో కాళ్లులేనివానికి తెలియును.

తెలంగాణములో 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో టిక్కెట్టు సొమ్ము లేకుండ ప్రయాణము కల్పించిరి. మంచి పని. మా వీథిలోని డెబ్బది యెనిమిదేండ్ల ముత్తైదువ, "టిక్కెట్టు తీసేశారు నాయనా, మెట్టు తీయలేదు" అని నవ్వుచు నన్నడిగెను. నేనేమందును?

మన దేశమున పోలియో కడపటి కేసు 2011 జనవరిలో కనబడెను. వ్యాధి పోయెను. వ్యాధి సోకిన ఆనాటి పిల్లలు మాత్రము పోలేదు. వారిప్పుడు ఏబదులలోనికి వచ్చిరి, వారికిని ముసలితనము సమీపించుచున్నది. నేను చెప్పిన బాలుడు బడి మానిన తరువాత కుట్టుపని నేర్చి, బస్టాండు ప్రక్కననే అంగడి పెట్టుకొన్నాడు. నలువదేండ్లుగా వచ్చిపోవు బస్సులను చూచుచు, వానిలో ఎక్కక కూర్చున్నాడు. ఆనాడు సభలో నేను చేసిన ఉపన్యాసము అతనికి జ్ఞాపకమున్నది. నాకు సిగ్గయ్యెను.

గడచిన నెలలో అతని అంగడిలోని కొలతటేపును తీసికొని, మూడు చక్రముల బండిలో అతడును, నడచి నేనును, ఆగిన బస్సుకడకు పోతిమి. కండక్టరుగారు మంచివాడు, రెండు నిముషములు నిలిపెను. నేను వంగి టేపు చివర నేలకానించితిని. అంకె అతడు చదివెను. "మొదటి మెట్టు పదిహేడున్నర అంగుళాలు, పంతులుగారూ." తక్కిన మెట్లను గూడ కొలిచి, బస్సు నంబరును తేదీయును వేసి, ఇరువురము సంతకములు చేసి, ఒక ప్రతిని డిపో మేనేజరుగారికిని, మఱియొకటి జిల్లా కలెక్టరుగారికిని రిజిస్టరు తపాలాలో పంపితిమి. మా మండలమున ఇంకను పదునొకండు బస్సులు తిరుగుచున్నవి. వచ్చు మంగళవారము రెండవదానిని కొలిచెదము.